లంకల్లో పేడపురుగుల సర్వేకి వెళ్లే ముందు

తొలకరి పడ్డాక పేడపురుగులు బాగా తిరుగుతాయి. కానీ ఆ వెంటనే గోదావరికి వరదలొస్తాయి. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం చూసుకోకుండా లంకల్లోకి పడవ ఎక్కొద్దు. అక్కడ 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. అంతదాకా ఆగకండి, నీరు పెరుగుతుంటేనే ఉచ్చులు (పేడ ఎరతో నేలలో పాతే గ్లాసులు) తీసేసి ఒడ్డుకు వచ్చేయండి.

కోరింగ అభయారణ్యంలో అయితే అటవీ శాఖ అనుమతి కాగితం చేతిలో ఉండాలి. కొబ్బరితోటల్లో రైతును అడగండి. పనిలోపనిగా పశువులకు ఈమధ్య ఐవర్‌మెక్టిన్ అనే నట్టల మందు వేయించారేమో కూడా కనుక్కోండి. ఆ మందు పేడలో కలిసి పురుగు పిల్లలను చంపుతుంది. ఎరకు అలాంటి పేడ అసలు వాడొద్దు.

గ్లాసు అంచు నేలకు సమంగా ఉండాలి. కాస్త పైకి లేచినా పురుగు పక్కనుంచి వెళ్లిపోతుంది. పల్లపు ఒండ్రులో నీరు ఊరి గ్లాసే పైకి తేలుతుంది, అందుకే మెరక చూసి పాతండి. వాన పడకుండా పైన మూత పెట్టండి.

గ్లౌజులు, గమ్‌బూట్లు తప్పనిసరి. ఎండు మట్టల కుప్పల్లో చెయ్యి పెట్టొద్దు, రక్తపింజర ఉండొచ్చు.

పట్టిన పురుగులను ఆల్కహాల్‌లో ఉంచే సీసాలో వేసే చీటీ పెన్సిల్‌తోనే రాయండి, పెన్ను సిరా అందులో కరిగిపోతుంది. ఉండలు దొర్లించేవి, సొరంగం తవ్వేవి, పేడలోనే కాపురముండేవి అని పురుగులను ముందు విడదీయండి. ఆంథోఫేగస్ అనే పేడపురుగుల ప్రజాతిలో మాత్రం కొమ్ము చూసి ఏ జాతో తేల్చేయడానికి తొందరపడొద్దు. ఒకే జాతిలో పెద్ద మగవాటికి పొడుగు కొమ్ములుంటాయి, చిన్నవాటికి దాదాపు ఉండవు. చాలాసార్లు మగ జననాంగాన్ని మైక్రోస్కోపులో చూస్తే తప్ప తేలదు.

తిరిగొచ్చేటప్పుడు గోతులు పూడ్చండి, దూడల కాళ్లు ఇరుక్కుంటాయి.