బొంత కుట్టడం నేర్చుకుందాం – మూడో పాఠం: పొరలు పరచడం, చుట్టు కుట్టు

పోయిన పాఠంలో ముక్కలు అతికి పై పొర సిద్ధం చేసుకోమన్నాను. అది అయ్యిందనే అనుకుని ముందుకు పోదాం. కానివాళ్లు టెన్షన్ పడక్కర్లేదు, ముక్కలు అతకకుండా పై పొరకు కూడా ఒక పాత చీరనే వాడుకోవచ్చు.

దసరా వెళ్లింది. మన నాందేడ్ జిల్లాలో ధర్మాబాద్, బిలోలీ, దెగ్లూర్ వైపు తెల్లవారుజామున చలి తెలుస్తోంది. బొంతకు ఇదే అదను. వానాకాలంలో మొదలుపెడితే ఉతికిన పాత బట్ట సరిగా ఆరక లోపల ముక్కవాసన పడుతుంది, అది తర్వాత ఎన్నిసార్లు ఉతికినా ఓ పట్టాన వదలదు. ఇప్పుడు మొదలుపెట్టి రోజుకో గంట కూర్చుంటే సంక్రాంతికి పక్క మీదికి వస్తుంది.

ముందు చీర లెక్క చూద్దాం. మామూలు చీర 5.5 మీటర్లు, అంటే 18 అడుగులు. మూడు మడతలు వేస్తే ఒక్కో మడత 6 అడుగులు వస్తుంది. పన్నా, అంటే వెడల్పు, సుమారు 45 అంగుళాలు. అంటే కత్తెర పెట్టకుండానే ఒక మనిషి కప్పుకునే బొంతకు మూడు పొరలు దొరికాయన్నమాట. మరాఠీ ఆడవాళ్లు కట్టే తొమ్మిది గజాల నవ్వారి చీర అయితే 27 అడుగులు. నాలుగు మడతలకు 6 అడుగుల 9 అంగుళాలు వస్తుంది, పొడగరులకు అదే మేలు. పక్కింటి ఆజీని (మరాఠీ అవ్వను) అడిగి చూడండి, పెట్టె అడుగున చిరిగిన నూలు నవ్వారి ఒకటి ఉండే ఉంటుంది. మడతలు మాత్రం కోయకండి. మడత ఉన్న వైపు పోగులు ఊడవు, అక్కడ అంచు కుట్టే పని కూడా తప్పుతుంది.

పై పొరతో కలిపి నాలుగైదు పొరలు చాలు. ఏడు దాటితే సూది దిగదు, చేతులు నొప్పి పుట్టి పని మధ్యలోనే అటకెక్కుతుంది. పాలిస్టర్ చీర ఎంత అందంగా ఉన్నా వద్దు. జారుతుంది, చెమట పీల్చదు, నిప్పురవ్వ పడితే కరిగి ఒంటికి అంటుకుంటుంది. లోపల పెట్టడానికి ఫైబర్ షీటు కొనమని చెప్పేవాళ్లూ ఉంటారు. నా ఉద్దేశంలో అది దండగ ఖర్చు. చలిని ఆపేది పొరల మధ్య నిలిచే గాలి. ఆ గాలి నాలుగు పాత నూలు పొరల మధ్య కూడా బాగానే నిలుస్తుంది. గంజి పెట్టిన చీర ఉంటే గంజంతా పోయేలా ఉతకండి. గంజి ఉంటే సూది మొరాయిస్తుంది, పైగా దానికోసం వెండిపురుగులు చేరతాయి.

ఇక పరచడం. నేల తుడిచి, బాగా ఆరాక, మడతలు వేసిన చీర పరవండి. నాలుగు మూలలా ఇటుకో పొత్రమో బరువు పెట్టి, రెండు అరచేతులతో మధ్య నుంచి అంచులకు నిమరండి. దాని మీద పై పొరను, అంచులు అరంగుళం లోపలికి మడిచి, సరిగ్గా కూర్చోబెట్టండి. ఈ పనికి ఇద్దరుంటే సుఖం. అయితే ఇద్దరున్నచోట ఈ మాటలు తప్పవు:

"వదినా, అటు కాస్త గట్టిగా లాగు."

"లాగకమ్మా, ఊరికే పరిస్తే చాలు. లాగితే ఇటు ముడత పడుతోంది చూడు."

వదిన మాటే వినండి. నూలు బట్టను, ముఖ్యంగా ఏటవాలుగా, లాగితే సాగుతుంది. వదిలేశాక మళ్లీ వెనక్కి ముడుచుకుంటుంది. సాగదీసి కుట్టిన బొంత మొదటి ఉతుకుకే వంకర తిరుగుతుంది.

పరిచాక కచ్చా కుట్టు వేయాలి. జానెడు ఎడంగా నిలువు వరసలు, ఒక్కో కుట్టు రెండంగుళాల పొడవు. చివర్లో పీకేసేవే కాబట్టి అందం చూడక్కర్లేదు, కానీ ఎగ్గొట్టకండి. పొరలు జరిగిపోయి ఆగిపోయిన బొంతల్లో చాలావాటికి కచ్చా కుట్టు ఉండదు.

అసలు కుట్టుకు దబ్బనం తీయకండి, అది గోనెసంచులకు. 5 లేదా 6 నంబరు చేతి సూది తెచ్చుకోండి. చేతి సూదుల్లో నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. 40 నంబరు కాటన్ దారం రెండు పోగులుగా, ఎక్కించాక మూరన్నర ఉండేలా తీసుకోండి. అంతకన్నా పొడవైతే చిక్కుపడుతుంది. కొవ్వొత్తి మీద ఒకసారి రుద్దితే పోగులు రేగవు.

మొదటి వరస అంచు నుంచి పావంగుళం లోపల వేయండి. అలా చుట్టూ తిరిగి బయల్దేరిన మూలకు వచ్చాక, వేలి వెడల్పంత, అంటే ముప్పావంగుళం, లోపలికి జరిగి రెండో చుట్టు. ఇలా చుట్టు మీద చుట్టు వేస్తూ మధ్యకు చేరాలి. ఇక్కడి మరాఠీ ఇళ్లలో చాలా గోధడులు (వాళ్ల బొంతలు) ఇలాగే కనిపిస్తాయి. కర్ణాటకలో ఉత్తర కన్నడ వైపు ఆఫ్రికా మూలాలున్న సిద్దీ ఆడవాళ్లు కుట్టే కవండి అనే బొంత కూడా అంచు నుంచే లోపలికి నడుస్తుంది. గుండ్రటి చట్రానికి బిగించి కుట్టేవాళ్లు మామూలుగా మధ్య నుంచి బయటికి వస్తారు. మనం ఒళ్లో పెట్టుకుని కుడతాం కాబట్టి ముందు అంచు బిగిస్తేనే పొరలు చేతిలో నిలుస్తాయి.

చేతుల పని ఇలా ఉంటుంది. ఎడమ చెయ్యి బొంత కింద ఉంటుంది. సూదిని నిలువుగా గుచ్చి, కింద మొన వేలికి తగలగానే పైకి వంచి తీయాలి. సూదిని బయటికి లాగకుండానే మూడు నాలుగు కుట్లు దాని మీద పోగుచేసి, అప్పుడు ఒక్కసారి దారం లాగండి. కుట్టు జొన్నగింజంత ఉంటే చాలు. కింద తగిలే వేలికి ఓ పాత గుడ్డ పట్టీ చుట్టుకోండి, సూదిని నెట్టే వేలికి అంగుస్తానా (లోహపు వేలి తొడుగు) ఉంటే ఇంకా మంచిది. దారం మొదలుపెట్టినప్పుడు ముడిని చిన్నగా లాగి పై పొర కిందికి దించేయండి, బయట కనిపించకూడదు. ప్రతి మూరకూ బొంత తిప్పి వెనక చూడండి. పైన కుట్టు బాగానే కనిపిస్తుంది, కింద పొరకు అందిందో లేదో వెనకే తెలుస్తుంది.

చుట్లు మధ్యకు వచ్చేకొద్దీ బట్ట ఉబ్బుతుంది, ఉబ్బి తీరుతుంది. ఆ ఉబ్బును ఒకే మూలకు తోసేస్తే అక్కడ గుత్తి కడుతుంది. ఉబ్బిన చోటును వేళ్లతో నాలుగైదు భాగాలుగా పంచి, ఆ భాగాల మధ్య ఒక్కో చిన్న కుట్టు వేసి ఆపి, అప్పుడు చుట్టు పూర్తి చేయండి. మూల తిరిగేటప్పుడు సూదిని బట్టలోనే ఉంచి బొంతను తిప్పండి.

ఆరడుగుల బొంతకు ముప్పావంగుళం ఎడంతో కుట్టు పొడవు మొత్తం 110 మీటర్ల దాకా వస్తుంది. రెండు పోగులు కాబట్టి 250 మీటర్ల దారం ముందే ఉంచుకోండి. మధ్యలో రీలు అయిపోతే అదే రంగు దొరకడం అదృష్టమే. ఉతికాక ఎండలో ఆరేయండి, కానీ మిర్చి ఆరబోసిన కల్లం పక్కన వద్దు. మిర్చికి పేరున్న ధర్మాబాద్ వాళ్లకు ఈ మాట చెప్పక్కర్లేదనుకోండి.

ఇంత పెద్దది ఒకేసారి ఎత్తుకోవడానికి భయపడేవాళ్లు ఏడంగుళాల చదరంలో నాలుగు పొరల మసిగుడ్డ కుట్టి చూడండి. చుట్టు కుట్టు చేతికి అలవాటవుతుంది, పొయ్యి దగ్గరా పనికొస్తుంది. అది మాత్రం అచ్చమైన నూలే కావాలి.

మిగిలిన పీలికలతో సంక్రాంతి పని ఒకటి. సంక్రాంతి నుంచి రథసప్తమి దాకా ఇక్కడ హల్దీకుంకుకు (పసుపు కుంకుమ పేరంటానికి) పిలిచి చేతిలో వాణ్ (చిన్న కానుక) పెడతారుగా, ప్లాస్టిక్ డబ్బాకు బదులు నాడా సంచి ఇవ్వండి. ఎనిమిదంగుళాల పొడవు, ఆరంగుళాల వెడల్పు ముక్కలు రెండు. రంగులు లోపలికి ఉండేలా కలిపి మూడు వైపులా కుట్టండి, పై నుంచి అంగుళంన్నర మాత్రం రెండు పక్కలా వదిలేయండి. ఆ వదిలిన అంచును మడిచి కుడితే నాడా దూరే దారి ఏర్పడుతుంది. తిరగేసి నాడా ఎక్కించండి. తిల్‌గుళ్ (నువ్వులు, బెల్లం) లడ్డూలు నాలుగైదు పడతాయి.

వచ్చే పాఠంలో మూలలకు త్రికోణాలు కుట్టడం, బొంత ఉతకడం, దాచడం చూద్దాం. దానికోసం నాలుగంగుళాల చదరపు నూలు ముక్కలు నాలుగు, మూలకొకటి, ఇస్త్రీ చేసి ఉంచండి. అప్పటికి చుట్లు సగమైనా అయి ఉండాలి. కచ్చా కుట్లు మాత్రం అప్పుడే పీకకండి.