పక్కింటి నుంచి ప్రసాదం వస్తే ఏం చేయాలి?

చవితికి పక్కింటావిడ ఉండ్రాళ్లు తెస్తే తినొచ్చా అని మన క్రైస్తవ సంఘాల్లో ఏటా టెన్షనే. ముందు బైబిల్లో అపొస్తలుడైన పౌలు కొరింథు సంఘానికి రాసిన మొదటి పత్రిక (1 కొరింథీ) 8, 10 అధ్యాయాలు కలిపి చదవండి, ఒక్క వచనం పట్టుకుని తీర్పు చెప్పేయకండి. భోజనం వల్ల దేవునికి దగ్గర కామని పౌలే ఒప్పుకుంటాడు, అంగట్లో అమ్మే మాంసాన్ని ఆరా తీయకుండా తినమంటాడు, కానీ ఇది బలి అర్పించినదని ఎవరైనా చెబితే ఆ చెప్పినవాడి మనస్సాక్షి కోసం మానేయమంటాడు. కాబట్టి నాకు హక్కుందా అన్నది తర్వాత, మొన్నే బాప్తిస్మం తీసుకున్న తమ్ముడు పక్కనుంటే వాడి విశ్వాసం ఏమైపోతుందో ముందు చూడండి. వద్దనుకుంటే గిన్నె అందుకోకముందే నవ్వుతూ, "ఏమనుకోకండి వదినా, పూజలో పెట్టింది మేం తినం, కూర్చోండి, టీ పెడతా" అనండి. తీసుకుని చెత్తబుట్టలో పడేయడం మాత్రం చాలా తప్పు, ఆవిడ మీ కోసమని పక్కన తీసిపెట్టి తెచ్చింది కదా.