ముసలి వీరుణ్ణి మాయాలోకంలోకి పంపాలంటే

ముందు అతని మోకాళ్ల గురించి ఆలోచించండి. 65వ ఏట గోల్కొండ మెట్లెక్కుతూ నేను మూడుచోట్ల కూర్చున్నాను. నా నవలకు ద్వారం ఆ మూడోచోటే దొరికింది.

కోట ప్రవేశద్వారం దగ్గరి గుమ్మటం కింద చప్పట్లు కొడితే ఎంతో పైన, కొండ కొనన ఉన్న బాలా హిస్సార్ మండపంలో వినిపిస్తుంది. ఈ నిజాన్నే మాయకు నియమం చేసుకోండి. నా కథలో కుతుబ్‌షాహీల నాటి కాపలావాడు కొట్టిన చప్పట్లు ఈనాటి వృద్ధుడికి వినిపిస్తాయి.

యవ్వనాన్ని మాత్రం తిరిగి ఇవ్వకండి. అది అతని బతుకును అవమానించడమే. అక్కడా కళ్లజోడు వెతుక్కోనివ్వండి, వేళకు బీపీ మాత్ర వేసుకోనివ్వండి. చేసిన ఉద్యోగమే అతని ఆయుధం కావాలి. నా వీరుడు రిటైరైన సర్వేయరు. మంత్రగాళ్లు దారి తప్పినచోట నేల వాలు చూసి నీరెటు పారుతుందో చెబుతాడు.

ఇంట్లో ఎదురుచూసే మనిషిని మొదటి అధ్యాయంలోనే చూపించండి. పొయ్యి మీద టీ పెట్టి ఉంచండి.