ఆటల చరిత్ర చదవడం నేర్చుకుందాం – 4వ పాఠం: శనివారం మధ్యాహ్నం ఎక్కడి నుంచి వచ్చింది?

ఇంగ్లండ్‌లో ఫుట్‌బాల్ మ్యాచ్‌లు శనివారం మధ్యాహ్నానికే ఎందుకు స్థిరపడ్డాయో రాయమని కిందటి పాఠంలో అడిగాను. వచ్చిన జవాబుల్లో చాలావరకు ఒకే వాక్యం ఉంది: “పారిశ్రామికీకరణ వల్ల కార్మికులకు తీరిక దొరికింది, కాబట్టి ఆటలు పెరిగాయి.” ఈ పాఠంలో రైళ్ల గురించి చెప్పాలనుకున్నాను. దాన్ని వాయిదా వేస్తున్నాను. ఈ వాక్యం సంగతి తేల్చకుండా ముందుకు వెళితే మిగతా పాఠాలన్నీ పునాది లేని గోడలవుతాయి.

అసలు ఆ వాక్యం మొదటి సగంలోనే తప్పుంది. ఫ్యాక్టరీలు రాకముందు ఇంట్లో మగ్గం నేసేవాడు, చిన్న కార్ఖానాలో కత్తులు సానపట్టేవాడు తన పనివేళలను చాలావరకు తానే నిర్ణయించుకునేవాడు. ఆదివారం తర్వాత సోమవారం కూడా పని మానేయడం ఎంత మామూలంటే, ఆ అలవాటుకు ‘సెయింట్ మండే’ అనే పేరే ఉండేది. పండగ వస్తే ఊరు ఊరంతా వీధుల్లో బంతి వెంట పడేది. మిల్లులు వచ్చాక ఆ వెసులుబాటు పోయింది. యంత్రం తిరుగుతున్నంత సేపూ మనిషి దాని పక్కన నిలబడాల్సిందే. రహదారి మీద ఫుట్‌బాల్ ఆడితే జరిమానా అని 1835 నాటి హైవేల చట్టం చెప్పింది. డెర్బీ పట్టణంలో ఏటా జరిగే వీధి ఫుట్‌బాల్‌ను 1840లలో సైనికులను దించి మరీ ఆపారు. అంటే పారిశ్రామికీకరణ ముందు ఆటను లాక్కుంది. తిరిగి ఇచ్చింది తర్వాత, అదీ తాను చెప్పిన రోజున, తాను చెప్పిన గంటకు.

ఇక్కడే మీకు ఒక పరీక్ష నేర్పాలి. మీరు రాసిన కారణం సరైనదైతే అది రోజును, గంటను, ఊరిని చెప్పగలగాలి. ‘తీరిక’ ఈ మూడింటిలో ఒక్కటీ చెప్పదు. తీరికే కారణమైతే మ్యాచ్ మంగళవారం ఎందుకు జరగకూడదు?

ఇప్పుడు చట్టాన్ని దగ్గరగా చూడండి. 1850 ఫ్యాక్టరీ చట్టం ప్రకారం బట్టల మిల్లుల్లో స్త్రీలు, పద్దెనిమిదేళ్ల లోపు వాళ్లు శనివారం మధ్యాహ్నం 2 గంటలకు పని ఆపాలి. వయోజనులైన మగవాళ్ల మాట చట్టంలో లేదు. కానీ తెగిన దారం అతికే పిల్లలు, మగ్గాల దగ్గర పనిచేసే ఆడవాళ్లు వెళ్లిపోయాక మిల్లు నడవదు. ఇంజను ఆగుతుంది, మగవాళ్లూ బయటికి వస్తారు. ఇంటికి వెళ్లి, ఒళ్లు కడుక్కుని, నాలుగు మెతుకులు తిని మైదానానికి నడిచేసరికి మూడవుతుంది. డిసెంబరులో, బట్టల మిల్లులు నిండిన ఉత్తర ఇంగ్లండ్ ప్రాంతం లాంకషైర్‌లో, నాలుగు లోపే సూర్యుడు అస్తమిస్తాడు కాబట్టి చలికాలంలో ఆట ఇంకాస్త ముందే మొదలయ్యేది. మ్యాచ్ వేళ మిల్లు కూతకూ సూర్యాస్తమయానికీ మధ్య ఇరుక్కుని ఉంది. రోజు తెలిసింది, గంట తెలిసింది, బట్టల మిల్లులున్న ఊళ్లేవో కూడా తెలిసింది.

ఎదురు ఉదాహరణ కావాలంటే షెఫీల్డ్ చూడండి. అక్కడ పని ఎక్కువగా చిన్న కార్ఖానాల్లో జరిగేది, సెలవు రోజు ఒక్కో వృత్తికి ఒక్కో రకం. బుధవారం సగం రోజు సెలవున్నవాళ్లు 1820లో పెట్టుకున్న క్రికెట్ క్లబ్బు పేరే ‘ది వెన్స్‌డే’. 1867లో అది ఫుట్‌బాల్ కూడా మొదలుపెట్టింది. నేటి షెఫీల్డ్ వెన్స్‌డే అదే.

1863లో ఇంగ్లండ్‌లో ఆటను నడిపే సంస్థ ఫుట్‌బాల్ అసోసియేషన్ (ఎఫ్‌ఏ) పుట్టడం, నియమాలు అచ్చు కావడం మీకు తెలిసినవే, వదిలేస్తున్నాను. 1883 మాత్రం వదలను. ఆ ఏడాది ఎఫ్‌ఏ కప్ ఫైనల్లో బ్లాక్‌బర్న్ ఒలింపిక్ జట్టు అదనపు సమయంలో 2–1తో ఓల్డ్ ఈటోనియన్స్‌ను ఓడించింది. ఓడినవాళ్లు సంపన్న కుటుంబాల పిల్లలు చదివే ఈటన్ బడి పూర్వ విద్యార్థులు. గెలిచిన జట్టులో నేతగాళ్లు, ఇనుప పనివాళ్లు ఉన్నారు. ఫైనల్‌కు ముందు ఆ జట్టు బ్లాక్‌పూల్ వెళ్లి సాధన చేసింది. ఖర్చు పెట్టుకున్నది ఊళ్లోని ఇనుప ఫౌండ్రీ యజమాని. పనికి వెళ్లని రోజు కూలీ ఎవరు ఇస్తారన్న ప్రశ్న అలా ఆట మధ్యలోకి వచ్చింది. రెండేళ్లకే, 1885లో, ఫుట్‌బాల్ అసోసియేషన్ వృత్తి ఆటగాళ్లను, అంటే డబ్బు తీసుకుని ఆడేవాళ్లను, అనుమతించింది.

రగ్బీ అనుమతించలేదు. శనివారం ఉదయం పని ఉంటుంది కదా. దూరపు ఊళ్లో మ్యాచ్ ఉంటే ఆ పూట కూలీ పోతుంది. ఆ నష్టం భర్తీ చేస్తే చాలని ఉత్తరాది క్లబ్బులు అడిగాయి. ఆ ఆటను నడిపే సంస్థ రగ్బీ యూనియన్ 1893లో కాదంది. 1895 ఆగస్టులో ఆ క్లబ్బులు హడర్స్‌ఫీల్డ్‌లోని జార్జ్ హోటల్లో సమావేశమై విడిపోయాయి. రోజుకు ఆరు షిల్లింగుల భర్తీ ఇచ్చే కొత్త యూనియన్ పెట్టుకున్నాయి. రగ్బీ లీగ్ పుట్టింది అక్కడే. ఒక ఆట రెండుగా చీలడానికి మూలం ఒక పూట కూలీ. చరిత్ర చదివేటప్పుడు నన్ను ఎప్పుడూ కదిలించేవి ఇలాంటి చిన్న మొత్తాలే.

చట్టాల కంటే వస్తువులతో పాఠం చెప్పడం నాకు ఇష్టం. కాబట్టి ఒక్క వస్తువు. ఉన్ని బట్ట నేశాక పైకి లేచిన నూగును సమంగా కత్తిరించడానికి స్ట్రౌడ్ ప్రాంతపు మిల్లుల్లో ఒక యంత్రం ఉండేది. రోలరుకు చుట్టూ మెలి తిరిగిన బ్లేడ్లు ఉండేవి. ఎడ్విన్ బడ్డింగ్ అనే మెకానిక్ అదే ఏర్పాటును గడ్డి మీద నడిపించి 1830లో పేటెంట్ తీసుకున్నాడు. అంతకుముందు గడ్డిని కొడవళ్లు కోసేవి, లేదా గొర్రెలు మేసేవి. నున్నటి పచ్చిక, ఆపై వల్కనైజ్ చేసిన (గంధకంతో వేడిచేసి గట్టిపరచిన) రబ్బరు బంతి వచ్చాకే బంతి నమ్మకంగా ఎగిరే లాన్ టెన్నిస్ సాధ్యమైంది. వింబుల్డన్ మొదటి పోటీ 1877లో.

అభ్యాసం. 1888లో ఫుట్‌బాల్ లీగ్ 12 క్లబ్బులతో మొదలైంది. ఆక్రింగ్టన్, బ్లాక్‌బర్న్ రోవర్స్, బోల్టన్, బర్న్‌లీ, ఎవర్టన్, ప్రెస్టన్ లాంకషైర్‌వి. ఆస్టన్ విల్లా, డెర్బీ, నాట్స్ కౌంటీ, స్టోక్, వెస్ట్ బ్రామ్‌విచ్, వుల్వర్‌హాంప్టన్ ఇంగ్లండ్ నడిబొడ్డునున్న మిడ్‌లాండ్స్ ప్రాంతానివి. లండన్ నుంచి ఒక్కటీ లేదు. ముందు మ్యాపు గీసి పన్నెండు ఊళ్లూ గుర్తించండి. ఒక్కో ఊరి పక్కన అక్కడి ప్రధాన పరిశ్రమ రాయండి. తర్వాత దేశంలోకెల్లా పెద్ద నగరం ఎందుకు లేదో ఇరవై వాక్యాల్లో వివరించండి. కూలీ ఎవరు ఇచ్చారు, టికెట్ ఎవరు కొన్నారు అన్న రెండూ అందులో రావాలి. ‘తీరిక’ అనే మాట ఒక్కసారి కనిపించినా మొదటి నుంచి మళ్లీ రాయండి.