దగ్గు, ఉబ్బరం, ఎండదెబ్బకి ఇంట్లో ఉన్నవాటితో ఏం చేసుకోవచ్చు, ఎక్కడ ఆగాలి

బెజవాడలో నాలుగు వానలు పడ్డాయంటే చాలు ఇంటికొకరు దగ్గుతుంటారు, ఇక వాట్సాప్‌లో కషాయం మెసేజ్‌లు మొదలు, ఒక్కోదాంట్లో పదిహేను రకాల దినుసులు. అన్నీ అక్కర్లేదండీ. శొంఠి, మిరియాలు, తులసి, కాస్త బెల్లం, అంతే. లవంగాలూ దాల్చినచెక్కా అన్నీ కుమ్మరిస్తే దగ్గు సంగతేమో గానీ కడుపులో మంట మాత్రం ఖాయం.

శొంఠి కొమ్ములే కొనండి, పొడి వద్దు, అందులో ఏం కలిపారో మనకేం తెలుసు. కొట్టులో ఒక కొమ్ము విరిచి చూడండి, టక్కున విరిగి ఘాటు ముక్కుకి తగలాలి, సన్నటి బెజ్జాలుండి పిండి రాలుతుంటే పురుగు పట్టినట్టే. అంగుళం ముక్క, ఆరేడు మిరియాలు రోట్లో కచ్చాపచ్చాగా దంచి, రెండు గ్లాసుల నీళ్ళలో వేసి సన్న సెగ మీద ఒక గ్లాసయ్యేదాకా మరగనివ్వాలి. తులసాకులు మాత్రం పొయ్యి కట్టేసే ముందు వేసి మూత పెట్టేయాలి, ముందే వేస్తే వాసనంతా ఆవిరిలో పోద్ది. వడకట్టి బెల్లం కలిపితే ఇద్దరికి సరిపోద్ది, గొంతుకి హాయిగా ఉంటది. తేనె కావాలంటే గోరువెచ్చగా అయ్యాక వేసుకోండి, కానీ ఏడాది నిండని పిల్లలకి తేనె అసలు నాకించొద్దు, బాటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు, ఇంట్లో పెద్దవాళ్ళు మేమంతా నాకించే పెంచాం అంటారు, అయినా వద్దనే చెప్పాలి.

పొడిదగ్గుకి మన వైపు కరక్కాయ వాడతారు కదా, గింజ తీసేసి పెచ్చులో చిన్న ముక్క బుగ్గన పెట్టుకుని ఊరే రసం మింగుతుండాలి. మహా వగరు. నిద్రపోయే ముందు మాత్రం ఊసేయండి, గొంతుకి అడ్డం పడుద్ది, అలాగే రోజంతా నములుతూ కూర్చుంటే విరోచనాలు పట్టుకుంటాయి.

దుగ్గిరాల పసుపు మార్కెట్ పక్కనే పెట్టుకుని మనం ప్యాకెట్ పసుపు కొనడమేంటో నాకర్థం కాదు. కొమ్ములు తెచ్చి ఎండలో పడేసి మిల్లులో ఆడించుకోండి. మరీ మెరిసిపోయే కొమ్ములు, పట్టుకుంటే చేతికి రంగంటేవి వద్దు, మెరుపు కోసం లెడ్ క్రోమేట్ అనే సీసం రంగు పూసిన సందర్భాలున్నాయి. రాత్రి పాలలో పావు చెంచా పసుపు, చిటికెడు మిరియాల పొడి, ఆ మిరియాల్లో ఉండే పైపరిన్ వల్లే పసుపులోని కర్క్యుమిన్ ఒంటికి బాగా పట్టుద్ది. రక్తం పల్చబడే మాత్రలు వాడేవాళ్ళకి కూరలో పసుపుతో ఇబ్బంది లేదు, పసుపు క్యాప్సూల్స్ మాత్రం డాక్టర్‌ని అడక్కుండా వేసుకోవద్దు.

పెళ్ళి భోజనం గట్టిగా లాగించాక కడుపుబ్బరంగా ఉంటే అర చెంచా వాము అరచేతిలో నలిపి, ఉప్పు రవ్వ కలిపి నమిలి వేడినీళ్ళు తాగండి. ఆ ఘాటు థైమాల్‌ది. అయితే ఛాతీలో పట్టేసినట్టుండి చెమటలు పడుతూ ఎడమ చెయ్యి లాగుతుంటే అది గ్యాస్ అనుకుని వాము నములుతూ కూర్చోవద్దు, వెంటనే 108కి ఫోన్ చెయ్యండి.

తిప్పతీగ కరోనా టైంలో అందరూ తెగ తాగారు, అలా రోజూ తాగినవాళ్ళలో కొందరికి లివర్ దెబ్బతిన్న కేసులు డాక్టర్లు రాశారు, కాబట్టి రోజువారీ అలవాటు చేసుకోవద్దు. కామెర్లకి పసరు కూడా అంతే. వైరస్ వల్ల వచ్చే కామెర్లలో చాలా రకాలు, ముఖ్యంగా హెపటైటిస్ ఏ, వాటంతటవే తగ్గుతాయి, పేరు మాత్రం పసరుకొస్తది. వేరే కారణం ఉంటే, పిత్తాశయం రాయి అడ్డుపడిందనుకోండి, పసరు తాగుతూ గడిపే రోజులన్నీ నష్టమే, ముందు రక్తపరీక్ష చేయించండి. గర్భిణులైతే ఏ మూలికైనా అడిగే వాడాలి.

ఇక ఎండాకాలం. గుంటూరు, బెజవాడ ఎండలకి సుగంధి షర్బత్‌ని మించింది లేదు, బండి మీద సోడాలో కలిపిచ్చేది చాలావరకు ఎసెన్సే, అందుకే ఇంట్లో చేసుకోండి. సుగంధి వేళ్ళు మట్టి పోయేదాకా కడిగి, నలక్కొట్టి, లోపలి గట్టి పుల్ల లాగేసి, పైబెరడు రాత్రంతా నానబెట్టాలి. పొద్దున అవే నీళ్ళు మరిగించి వడకట్టి పంచదార పాకం పట్టి సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే, రెండు చెంచాలకి గ్లాసు చల్లటి నీళ్ళు, నిమ్మకాయ. షుగర్ ఉన్నవాళ్ళు పాకం జోలికెళ్ళకుండా ఆ నీళ్ళే పల్చగా తాగొచ్చు. ఎవరికైనా ఒళ్ళు కాలిపోతూ మాట తడబడుతుంటే అది వడదెబ్బ, నోట్లో షర్బత్ పోయకండి, నీడలోకి చేర్చి ఒంటి మీద నీళ్ళు పోస్తూ ఫ్యాన్ పెట్టి అంబులెన్స్ పిలవండి.