స్కిన్ డాక్టర్ చీటీ చదవడం ఎలా?

నాట్ల కాలం వస్తే మిర్యాలగూడలో మా మెడికల్ షాపు ముందు రోజూ వినిపించే మాట: "అక్కా, తామరకు ఏదన్నా ట్యూబ్ ఇయ్యి." స్కిన్ డాక్టర్ రాసిన చీటీ జేబులోనే మడిచి ఉంటుంది. దాన్ని బయటికి తీయండి. రోగం మీది, దాని పేరు మీకు తెలియాలి.

ముందు డీఎక్స్ అని రాసిన చోట చూడండి. రోగం పేరు అక్కడుంటుంది. టీనియా అంటే తామర, ఫంగస్ వల్ల వచ్చేది. రెండో మాట అది ఎక్కడుందో చెబుతుంది: కార్పోరిస్ అంటే ఒంటి మీద, క్రూరిస్ గజ్జల్లో, కాపిటిస్ తలలో, పీడిస్ పాదాల్లో. సాగర్ ఎడమ కాలువ కింద రోజంతా బురదలో నిలబడి, కాలివేళ్ల సందులు నాని దురద పెట్టేవాళ్ల చీటీల్లో ఈ చివరిది తరచుగా చూస్తాను. గోళ్లకు ఫంగస్ పడితే ఒనికోమైకోసిస్ అంటారు. దానికి ఓపిక పట్టాలి, కాలిగోరు పూర్తిగా కొత్తది రావడానికి ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది.

టీనియా అని ఉంటే ట్యూబ్ మీది చిన్న అక్షరాలు కూడా చదవండి. క్లోబెటసాల్, బెటామెథసోన్ అన్నవి స్టెరాయిడ్లు. రాసిన రెండు మూడు రోజుల్లో దురద తగ్గుతుంది, ఫంగస్ మాత్రం పాకుతూనే ఉంటుంది. గజ్జల్లో ఎక్కువ రోజులు రాస్తే తోలు పలచబడి చారలు పడతాయి. చుట్టాలకు తగ్గిందని అదే ట్యూబ్ అడగకండి, నేనైతే ఇవ్వను.

తెల్లమచ్చ అనగానే అందరికీ టెన్షన్. డీపిగ్మెంటెడ్ అంటే రంగు మొత్తం పోయిందని. పక్కన విటిలిగో అని ఉంటే అది బొల్లి, ఎవరికీ అంటదు. హైపోపిగ్మెంటెడ్ అంటే రంగు కాస్త తగ్గిందని మాత్రమే. శోభి మచ్చకూ, కుష్ఠు మచ్చకూ ఇదే మాట రాస్తారు. కాబట్టి 'లాస్ ఆఫ్ సెన్సేషన్' అని ఉందేమో వెతకండి, అంటే ఆ మచ్చ మీద స్పర్శ లేదని. హాన్సెన్స్ అని రాసినా కుష్ఠే. సర్కారు దవాఖానలో ఎండీటీ ప్యాకెట్లు, అంటే కుష్ఠుకు కలిపి ఇచ్చే మందులు, ఉచితం. రకాన్ని బట్టి 6 నెలలో 12 నెలలో వాడితే నయమవుతుంది. ఆ పేరు చూసి చీటీ దాచిపెట్టి, వేళ్లు వంకరపోయాక వచ్చేవాళ్లను చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

స్కేబీస్ అంటే గజ్జి, ఇంటిల్లిపాదీ ఒకే రాత్రి మందు పూసుకోవాలి. అలోపేషియా ఏరియేటా పేనుకొరుకుడు, దానికీ పేలకూ సంబంధం లేదు. పారోనికియా గోరుచుట్టు.

మందు పక్కన ఎల్ఏ అని ఉంటే పైపూత, బీడీ అంటే రోజుకు రెండుసార్లు, హెచ్ఎస్ అంటే పడుకునే ముందు. రాత అర్థం కాకపోతే డాక్టర్ గది దాటకముందే అడిగి, పక్కనే తెలుగులో రాసుకోండి.