పత్తి సీజన్‌కు ముందే టూల్స్ సంగతి తేల్చుకోండి

దసరా దాటితే ఎనుమాముల మార్కెట్‌కు పత్తి రాక మొదలవుతుంది. అడ్తి (కమీషన్ ఏజెంట్ల) దుకాణాలకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసిచ్చే వరంగల్, హన్మకొండ చిన్న టీములకు అక్కడినుంచి మిర్చి అయిపోయేదాకా ఊపిరాడదు. ఫ్రేమ్‌వర్కో, డేటాబేసో మార్చాలనుకుంటే వానాకాలంలోనే మార్చేయండి. సెప్టెంబర్ వచ్చాక ఎంత మంచి టూల్ దొరికినా దేన్నీ కదిలించొద్దు.

డెమో చూసి తొందరపడొద్దు. డెమోలో అన్నీ నడుస్తాయి. మీ పనిలో అన్నిటికన్నా మొండిగా ఉండే ముక్కనే ముందు ఆ టూల్‌తో చేసి చూడండి. మనకైతే అది చాలాసార్లు తెలుగు ప్రింటే. స్క్రీన్ మీద 'లక్ష్మయ్య' చక్కగా కనిపిస్తుంది, పీడీఎఫ్ తీస్తే 'లక్‌ష్‌మయ్‌య' అని ఒత్తులు ఊడి వస్తాయి. ఫాంట్ మారిస్తే పోతుందనుకుంటారు, పోదు. అక్షరాలను కలిపి పేర్చే షేపింగ్ పని ఆ పీడీఎఫ్ లైబ్రరీకి రాకపోతే ఏ ఫాంట్ పెట్టినా ఒత్తు కిందికి దిగదు. చిన్న థర్మల్ ప్రింటర్లతో ఇంకో తంటా. చాలావాటిలో తెలుగు అక్షరాలే ఉండవు, తక్‌పట్టీని, అంటే రైతుకు ఇచ్చే లెక్క చీటీని, బొమ్మగా మార్చి పంపాలి. అందుకే నిజమైన రైతుల పేర్లు, ఊర్ల పేర్లు ఎక్కించి, కాగితం మీద ప్రింట్ తీసి చదవండి. గుమాస్తా చేతిలో ఉండే పాత ఆండ్రాయిడ్ ఫోన్‌లో, నెట్ ఆపేసి కూడా ఒకసారి నడిపించండి. మీ ల్యాప్‌టాప్‌లో నడిచిందంటే లెక్కలోకి రాదు.

'ఫ్రీయే కదా' అన్న దగ్గర ఆగండి. యాప్‌లను నెట్‌లో నడిపించే హెరోకు (Heroku) సర్వీస్ తన ఉచిత ప్లాన్లను 2022 నవంబర్‌లో ఎత్తేసింది. సర్వర్లను కోడ్‌తో సెటప్ చేసే టెర్రాఫామ్ టూల్ లైసెన్స్ 2023 ఆగస్టులో మారింది. మైక్రోసాఫ్ట్ అంతటి కంపెనీయే మొబైల్ యాప్‌లు కట్టే తన జామరిన్ టూల్‌కు 2024 మే 1తో సపోర్ట్ ఆపేసింది. ఏజీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్స్ ఉన్న కోడ్‌ను మార్చి నెట్ ద్వారా వాడనిస్తే, వాడేవాళ్లకు ఆ సోర్స్ కోడ్ ఇవ్వాల్సి ఉంటుంది. ఇదంతా తెలిసే తీసుకుంటే తప్పేం లేదు. కాకపోతే ట్రయల్‌లోనే డేటా మొత్తం బయటికి తీసి, వేరేచోట ఎక్కించి చూసుకోండి. ఎక్స్‌పోర్ట్ బటన్ ఉన్నంత మాత్రాన అన్నీ వస్తాయని నమ్మొద్దు.

ఇంకోటి, మనుషుల సంగతి. టీములో ఒక్క పిల్లాడికే వచ్చిన టూల్ పెట్టుకుంటే, అతనికి మాదాపూర్‌లో ఉద్యోగం వచ్చిన రోజే మీకు టెన్షన్ మొదలు. మన ఊర్లో ఇది ఎప్పుడూ ఉండేదే. కనీసం ఇద్దరికి వచ్చాకే ఖాయం చేయండి.

ఎంచుకున్నాక వెర్షన్లు లాక్ చేసి, పాత సెటప్ పక్కన భద్రంగా పెట్టండి. పోయినేడాది సీజన్‌లో బాగా రద్దీగా ఉన్న ఒక రోజు లెక్కను కొత్తదాంట్లో మళ్లీ ఎక్కించి, పాత బిల్లులతో పైసలతో సహా కలుస్తుందో లేదో చూడండి. కలవకపోతే ఈ సీజన్ పాతదాంతోనే లాగించండి.